ఎర్రగుంట్ల లైనులో డచ్చి బొమ్మలు

నెదర్లాండ్స్‌లో హార్లెం అనే ఊరుంది. అక్కడి ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియంలో, హాల్స్ అనే చిత్రకారుడు 1639లో గీసిన ఒక పెద్ద తైలచిత్రం గోడంతా ఆక్రమించుకుని ఉంటుంది. సెయింట్ జార్జి పౌరదళం అధికారులు అందులో గుంపుగా నిలబడి ఉంటారు. అంతా ఊళ్ళో కలిగినవాళ్ళే. వెనక వరసలో ఎడమ పక్కన చిత్రకారుడు తన మొహం కూడా పెట్టుకున్నాడు. ఆ పెద్దమనుషుల ఒంటిమీద పట్టు పట్టీలు అడ్డంగా కట్టి ఉంటాయి. నారింజ రంగు పట్టీలు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. నీలం పట్టీలు మాత్రం వెలిసిపోయి బూడిద రంగుకు దిగాయి. రంగు పొరలను పరీక్షించినవాళ్ళు కారణం తేల్చారు. హాల్స్ అక్కడ వాడింది నీలిమందు. బట్టకు పట్టిస్తే తరాల తరబడి నిలిచే నీలి, నూనెలో కలిపి పూస్తే వెలుతురుకు ఓర్చుకోలేదు.

కడప జిల్లావాడికి నీలిమందు పరాయి సరుకు కాదు. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు, నెల్లూరు చేలల్లో పండిన నీలి మద్రాసు ఓడల్లో సీమకు పోయేది. లండన్ బజారులో కడప నీలిని 'కర్పా' అని అమ్మేవాళ్ళు. పూతకు ముందే మండలు కోసి, ఎండబెట్టిన ఆకును తొట్లలో నానేసి, ఆ నీళ్ళను మనుషులు దిగి తెడ్లతో గంటల తరబడి చిలికితే గాలి తగిలి నీలం తేలేది. అడుక్కు దిగిన ముద్దను కాచి, వడగట్టి, బిళ్ళలు కోసి ఎండబెట్టేవాళ్ళు. 1897లో జర్మనీ కంపెనీ ఫ్యాక్టరీ నీలిని బజారుకు దించాక ఆ తొట్లన్నీ వట్టిపోయాయి. హాల్స్ కుంచెకు అంటిన నీలం మా చేలల్లోంచి పోయిందని నేను చెప్పను. ఆ కాలంలో యూరప్‌కు గుజరాతు నీలి, ఆగ్రా దగ్గర బయానా నీలి ఎక్కువగా పోయేవి. కోరమండల తీరం నుంచి కూడా డచ్చి కంపెనీ నీలి ఎత్తేది. ఏ తొట్టిదైనా, దాన్ని చిలికిన మనిషి ఆ బొమ్మలో లేడు. కట్టుకున్న మనిషి ఉన్నాడు. హార్లెంలో ఆ బొమ్మ ముందు నిలబడినంతసేపూ నాకు ఇదే తోచింది.

మా అమ్మాయి ఐందోవెన్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆమె దగ్గరికి పోయినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్, హార్లెం, హేగ్, డెల్ఫ్ట్ తిరిగి, ఇన్నేళ్ళు పిల్లలకు డ్రాయింగ్ చెప్పిన కళ్ళతో ఆ బొమ్మలు చూశాను. తిరిగొచ్చాక ఒక కోరిక పట్టుకుంది. ఆ చిత్రాలున్న దేశం చూశాను కదా, వాటిలోని సరుకులు బయల్దేరిన వైపు నుంచి కూడా చూడాలి. అదే కాలంలో మా రాయలసీమలో ఎవరు బొమ్మలు రాశారో, ఎవరు రాయించారో, ఆ బొమ్మలు ఎటు పోయాయో ఆ దారి వెంట పోవాలి. తొలకరి పడ్డాక ఫోనులో డచ్చి చిత్రాలు నింపుకుని కడప నుంచి బయల్దేరాను.

ఎర్రగుంట్లలో నంద్యాల రైలెక్కాలి. ఆ దారిలో ఎటు చూసినా నాపరాయే. ఇంటి గోడ నాపరాయి, కప్పు నాపరాయి, చేనుకు హద్దు నాపరాయి, టీ అంగడి ముందు కూర్చునే బండ కూడా నాపరాయే. మా చిన్నప్పటి ఇంట్లో మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే నల్లబండ మీద అది చదరంగా నిలిచేది. మా అవ్వ ఆ ఎండలోనే బియ్యం ఏరేది. డెల్ఫ్ట్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన గదులు మొదటిసారి పుస్తకంలో చూసినప్పుడు నాకు కొత్త అనిపించలేదు. ఎడమ పక్క కిటికీ, అందులోంచి ఏటవాలుగా పడే వెలుతురు, నలుపు తెలుపు బండల నేల, ఒక ఆడమనిషి తన పనిలో తాను. డెల్ఫ్ట్ పోయాక తెలిసిన సంగతి ఏమిటంటే, అక్కడి మామూలు ఇళ్ళలో నేల ఎక్కువగా చెక్కదే. పాలరాతి గళ్ళ నేల చాలా చిత్రాల్లో చిత్రకారుడు ఇష్టపడి వేసుకున్నది. గళ్ళుంటే గది లోతు చూపించడం తేలిక. డ్రాయింగ్ చెప్పినవాడిగా ఆ కిటుకు నాకు బాగా నచ్చింది.

రైల్లో ఫోను తీసి 'పాలు పోసే పనిమనిషి' చూస్తూ కూర్చున్నాను. 1660 ప్రాంతంలో వెర్మీర్ గీసింది. బొమ్మ నిజానికి మూర నిడివి కూడా ఉండదు. గట్టి చేతుల మనిషి మట్టిపాత్రలోకి సన్నటి ధారగా పాలు వంచుతోంది. బల్ల మీద రొట్టెలు, ఆ రొట్టెల పెచ్చుల మీద చుక్కలు చుక్కలుగా వెలుతురు. వెనక సున్నపు గోడకు ఒక మేకు, మేకులు పీకేసిన బొక్కలు, వాటి నీడలు. కిటికీలో ఒక అద్దం పగిలి ఉంది. నేలకు ఆనుకుని డెల్ఫ్ట్ పెంకుల వరస, అక్కడే కాళ్ళు వెచ్చబెట్టుకునే చిన్న కుంపటి పెట్టె. పనిమనిషి ముందు కట్టుకున్న నీలం గుడ్డకు అతను వాడింది నీలిమందు కాదు. అఫ్ఘనిస్తాన్ బదఖ్షాన్ గనుల్లో దొరికే లాపిస్ రాయిని నూరి తీసిన రంగు. ఆ కాలంలో చిత్రకారుడు కొనగలిగిన నీలాల్లో అన్నిటికన్నా ఖరీదైనది. దేవమాత పైటకు వాడే రంగును అతను వంటింటి గుడ్డకు పెట్టాడు. నాకు ఆ దేశపు చిత్రకళ అంతా ఈ ఒక్క పనిలో కనిపిస్తుంది.

ఎదురుగా కూర్చున్న ఒకామె ప్రొద్దుటూరులో కొన్న సరుకు సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపటి నుంచి ఫోను వైపే చూస్తోంది.

"ఎవరన్నా ఆమె? మీ ఇండ్ల ఆమేనా?"

"కాదమ్మా. మూడున్నర వందల ఏండ్ల కింద హాలండు దేశంలో గీసిన బొమ్మ. పాలు పోస్తా ఉంది చూడు."

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "పాలు పోసేదాన్ని గూడా రాసినారా! దినామూ మనింట్లో జరిగేదే గదా ఇది." ఇంకాసేపు చూసి అంది: "మా ఇంట్లో గోడకుండేవన్నీ దేవుని పటాలేనన్నా. మనిషి బొమ్మ ఉండాదంటే, ఆ మనిషి లేడనే లెక్క."

చనిపోయినవాళ్ళ ఫోటోకు దండ వేసి కుంకుమ బొట్టు పెట్టే ఇల్లే మాదీను. ఆమె మాట నాతో పాటు జమ్మలమడుగు దాకా వచ్చింది.

డచ్చివాళ్ళ గోడలు అట్లా ఎందుకు మారాయో చెప్పాలంటే 1566 దాకా పోవాలి. ఆ ఏడు ఎండాకాలంలో నెదర్లాండ్స్ అంతటా కొత్త మతంవాళ్ళు చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టారు, పటాలు చించారు. తర్వాత స్పెయిన్ రాజు మీద తిరుగుబాటు, దశాబ్దాల యుద్ధం. ఉత్తర రాష్ట్రాలు రాజు లేకుండా తమ పాలన తామే చేసుకున్నాయి. చర్చి గోడలకు తెల్ల సున్నం పడింది. అంతకుముందు చిత్రకారుడికి అన్నం పెట్టింది చర్చి, రాజు. ఆ ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. సాన్‌రెడమ్ అనే హార్లెం చిత్రకారుడు ఆ బోసిపోయిన తెల్ల చర్చిల లోపలి భాగాలే జీవితమంతా గీశాడు. కొలతలు వేసుకుని, ఒక్కో స్తంభాన్నీ లెక్కతో నిలబెట్టి గీసిన ఆ బొమ్మల్లో దేవుడి రూపం ఎక్కడా లేదు, వెలుతురు మాత్రం నిండుగా ఉంది.

బొమ్మలు కొనే కొత్త మారాజు బజారు. 1640లో ఆమ్‌స్టర్‌డామ్ చూసిన పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు, కసాయివాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు కూడా అంగళ్ళలో మంచి బొమ్మలు పెట్టుకుంటారనీ, కమ్మరి కొలిమి దగ్గర, చెప్పులు కుట్టేచోట కూడా ఏదో ఒక పటం ఉంటుందనీ రాసుకున్నాడు. మండీ అంతకుముందే సూరత్, ఆగ్రా, పాట్నా తిరిగినవాడు కనుక ఆ తేడా అతనికి వెంటనే కంటికి ఆని ఉంటుంది. ఆ చిన్న దేశంలో ఆ శతాబ్దంలో గీసిన చిత్రాలు 50 లక్షలకు తక్కువ ఉండవని కొందరు ఆర్థిక చరిత్రకారుల అంచనా. అంతమంది కొన్నారు గనకే సముద్రం గీసేవాడు సముద్రమే, ఆవుల్ని గీసేవాడు ఆవుల్నే, పండ్ల పళ్ళేలు గీసేవాడు పండ్ల పళ్ళేలే గీసి బతికాడు.

జమ్మలమడుగులో దిగి గండికోట ఆటో ఎక్కాను. దారిలో ముద్దనూరు వైపు చింతకుంట గుట్టల మాట వచ్చింది. అక్కడ 'ఎద్దుల ఆవుల గుండు' మీద ఆదిమానవులు గీసిన మూపురం ఎద్దులు, జింకలు, మనుషులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బొమ్మలకు కొనేవాడూ లేడు, రాయించినవాడూ లేడు. వాటి గురించి విడిగా రాయాలి.

గండికోట గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. ఎర్రమల కొండల్ని కోసుకుని పారే పెన్నను చూడ్డానికి బెంగుళూరు, హైదరాబాదు పిల్లలు గుడారాలు తెచ్చుకుని మరీ వస్తున్నారు. నేను వెతుక్కుంటూ పోయింది 1652ను. అంతకు కొద్దికాలం ముందే గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను పట్టాడు. మనిషి పారశీకుడు, వజ్రాల బేరంతో పైకొచ్చినవాడు. గనులు అతనివి, ఓడలు అతనివి. పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చున్న డచ్చి కంపెనీకి బట్టలు నేసే ఊళ్ళన్నీ అతని ఏలుబడి కింద ఉండేవి. అతనితో తగువు పడితే కంపెనీ బేరం ఆగిపోయేది. 1606 నాటికే మచిలీపట్నంలో అంగడి పెట్టి, 1610లో పులికాట్ చేరిన కంపెనీ అది. దాని వాటాదార్ల ఇళ్ళలో కూడా ఆ బొమ్మలు వేలాడాయి.

ఆ 1652 సెప్టెంబరులో తవెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు మీర్ జుమ్లాకు ముత్యాలు చూపడానికి ఇక్కడికొచ్చాడు. తండ్రి ఆంట్‌వెర్ప్ నుంచి పారిస్ చేరి పటాలు అమ్ముకున్న మనిషి. కొడుక్కు కూడా కళ్ళు బాగా పనిచేస్తాయి. కోటలో మీర్ జుమ్లా కచేరీ ఎట్లా నడిచిందో రాశాడు. నవాబు కాళ్ళకు మేజోళ్ళు లేకుండా, దేశాచారం ప్రకారం తివాచీ మీద కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమ చేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కోటి తీసి, పక్కనున్న రాయసగాళ్ళకు జవాబులు చెప్పి రాయిస్తున్నాడు. కొన్ని తనే రాస్తున్నాడు. జవాబు పూర్తయ్యాక చదివించుకుని విని, తన ముద్ర తనే వేస్తున్నాడు.

జుమ్మా మసీదు ముందరి మెట్ల మీద కూర్చుని ఇది మనసులో తిరగేసుకున్నాను. పక్కన ధాన్యాగారం, ఎదురుగా మాధవరాయస్వామి గుడి గోపురం. మన దర్బారు చిత్రకారుడైతే మీర్ జుమ్లాను పక్క మొహంతో, చేతిలో పువ్వో కత్తో పెట్టి, తల మీద బంగారు గీత గీసి ఇచ్చేవాడు. కాలివేళ్ళ సందులో ఉత్తరాన్ని మాత్రం వదిలేసేవాడు. ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు రెంబ్రాంట్ అయితే వదిలేవాడు కాదు. ఆ మనిషి తీరు, అధికారం, తొందర, లెక్క అన్నీ ఆ వేళ్ళ సందుల్లోనే ఉన్నాయి కాబట్టి. నా మట్టుకు నాకు గండికోటలో గీయకుండా పోయిన గొప్ప చిత్రం అదే.

రెంబ్రాంట్ పేరు ఊరికే తేలేదు. అతను హాలండు దాటి ఎక్కడికీ పోలేదు. కానీ 1656 నుంచి 1661 మధ్య మొగలు చిత్రాలను ముందు పెట్టుకుని కలంతో నకళ్ళు తీశాడు. ఇరవైకి పైగా ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. కంపెనీ ఓడలు జపాన్ నుంచి తెచ్చిన ఖరీదైన కాయితం మీద వేసినవి. వాటిలో షాజహాన్ ఉన్నాడు, జహంగీర్ ఉన్నాడు, చెట్టు కింద కూర్చుని మాట్లాడుకునే నలుగురు ముసలి మౌల్వీలు ఉన్నారు. ఆ కాలంలోనే అతను అప్పులపాలై ఇంటి సామానంతా వేలానికి పోయింది. మీర్ జుమ్లా గోల్కొండను వదిలి షాజహాన్ కొలువులో చేరిందీ అప్పుడే. ఇక్కడి నుంచి పోయిన మంత్రి ఢిల్లీలో ఎవరి ముందు తలవంచి నిలబడ్డాడో, ఆ చక్రవర్తి తలపాగా మడతలను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక దివాలా తీసిన మనిషి అంత మర్యాదగా గీసుకుంటున్నాడు. అమ్ముకోవడానికి కాదు, నేర్చుకోవడానికి.

తవెర్నియే రాసిన ఇంకో కథ మాధవరాయస్వామి గుడి ముందు నిలబడితే గుర్తొచ్చింది. మీర్ జుమ్లా ఫిరంగులు పోయించడానికి చుట్టుపక్కల గుళ్ళలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించాడట. పోతపోసే పని మయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడు. అతను డచ్చి కంపెనీ కొలువులో చేరి తూర్పు దేశాలకు వచ్చిన మనిషి. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడి విగ్రహాలు కొన్ని ఎంత మంట పెట్టినా కరగలేదని తవెర్నియే అంటాడు. కథలో నిజమెంతైనా, ఇప్పుడు ఆ గర్భగుడి ఖాళీగా ఉంది. సాన్‌రెడమ్ గీసిన చర్చిల్లో ఉన్న బోసితనం లాంటిదే ఇక్కడా. అక్కడ ఆ ఖాళీని చూసి ఒకడు బొమ్మ గీశాడు. ఇక్కడ స్తంభాల మీద శిల్పులు చెక్కిన నర్తకీమణులు, వాద్యగాళ్ళు, గుర్రాలవాళ్ళు మిగిలారు. మా సీమలో మామూలు మనుషుల బొమ్మలు కావాలంటే దేవుడి చుట్టూ ఉన్న అంచుల్లోనే వెతకాలి. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాల్లో కూడా అంతే. నడుమ శివుడు, పార్వతి. కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో ఒక పక్క. వాళ్ళ వెనక నిలబడ్డ ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు చూస్తే, ఆనాడు ఏ మగ్గం మీద ఏం నేశారో చెప్పొచ్చు.

మళ్ళీ అదే రైలు పట్టుకుని నొస్సంలో దిగాను.

ఇది చిన్న ఊరు. బ్రిటిషు కాలపు హస్తకళల గ్రంథాల్లో మాత్రం కర్నూలు జిల్లా నొస్సం అని పేరుపెట్టి రాశారు. ఇక్కడ లక్కపని, బంగారు పూత పని, గంజీఫా పేకలు తయారయ్యేవి. గంజీఫా అంటే గుండ్రటి పేకలు. మొగలు ఆటలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. దశావతారాల ఆటలో పది రంగులు, 120 ముక్కలు. ఒక్కో రంగులో ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు. పాత గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, ఎండబెట్టి, సుద్ద పూసి, రాయితో నున్నగా రుద్ది, గుండ్రంగా కోసి, ఆ బిళ్ళ మీద మత్స్యావతారమో నరసింహుడో గీసేవాళ్ళు. పైన లక్క పూత. బిళ్ళ అరచేతిలో సగం కూడా ఉండదు. ఎలుక తోక వెంట్రుక లాంటి గీతలతో అందులో రాజు, గుర్రం, గొడుగు పట్టేవాడు అందరూ పట్టాలి.

సుద్ద, జిగురు కలిపి పూసి నున్న చేసే ఈ పనే డచ్చి చిత్రకారులూ చేసేవాళ్ళు. ఓక్ చెక్క పలక మీద సుద్ద, తోలు జిగురు పూసి, అరగదీసి, ఆ తెలుపు మీద గీసేవాళ్ళు. రంగు వెనక నుంచి వెలుతురు తిరిగొచ్చేది ఆ తెలుపు వల్లనే. నొస్సంలో చెయ్యి తిరిగినవాడు హార్లెం పోయి ఉంటే, అక్కడి చిత్రకారుల సెయింట్ ల్యూక్ సంఘంలో పలక పూత పనిలో తేలిగ్గా నెగ్గుకొచ్చేవాడని నేను గట్టిగా నమ్ముతాను.

బస్టాండు దగ్గర, గుడి అరుగు మీద, పెద్దవాళ్ళను అడిగాను. గంజీఫా మాట ఎవరికీ తెలియదు. ఒక పెద్దాయన మాత్రం "రంగుల పెట్టెలు చేసేటోళ్ళు ఉన్నెరంట నాయనా, మా జేజినాయన కాలంలో. మేం సూల్యా" అన్నాడు. అరుగు మీద నలుగురు అచ్చు పేకలతో ఆడుతున్నారు. విదేశాల నుంచి అచ్చు పేకలు దిగాక చేత్తో రాసిన పేకకు గిరాకీ పడిపోయింది. గోల్కొండ 1687లో మొగలుల చేతికి పోయాక అక్కడి చిత్రకారులు కొందరు కడప, కర్నూలు నవాబుల ఊళ్ళకు చేరారు. ఆ నవాబులూ పోయారు. కడప హైదరాలీ పరమైంది, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీవాళ్ళు 1839లో దించేశారు. దర్బారు పోయినా కొంతకాలం బజారు నిలబెట్టింది. బజారు కూడా పోయాక పనివాడి పిల్లలు ఇంకో పని చూసుకున్నారు. మన దగ్గర మామూలు మనిషి కొనుక్కున్న చిత్రకళ లేదని నేను చాలా ఏళ్ళు పిల్లలకు చెబుతూ వచ్చాను. నొస్సం అరుగు మీద కూర్చున్నాక ఆ మాట అట్లా చెప్పకూడదని అర్థమైంది. ఉండింది. చేతుల్లో పట్టుకుని ఆడీ ఆడీ అరిగిపోయింది.

బజారు నమ్ముకుంటే హాలండులో మాత్రం సుఖం ఏముంది! హాల్స్‌కు 1654లో రొట్టెల బాకీ కింద ఒక రొట్టెలవాడు మంచాలు, పరుపులు, బీరువా, అయిదు పటాలు జప్తు చేయించాడు. 1672లో ఫ్రాన్స్ దండెత్తి వచ్చింది. ఉన్నవాళ్ళు పటాలు కొనడం మానేశారు. వెర్మీర్ 1675 డిసెంబరులో, 43 ఏళ్ళకే పోయాడు. యుద్ధం మొదలయ్యాక తన బొమ్మలూ అమ్ముడుపోక, తన దగ్గరున్న ఇతరుల బొమ్మలూ అమ్ముడుపోక, పిల్లల బరువు మొయ్యలేక కుంగిపోయాడని అతని భార్య కతరీనా అధికారులకు మొరపెట్టుకుంది. 617 గిల్డర్ల రొట్టెల బాకీకి డెల్ఫ్ట్‌లో ఒక రొట్టెలవాడి దగ్గర రెండు చిత్రాలు పెట్టింది. ఇవాళ ఆ చిత్రాలకు వెల కట్టగలవాళ్ళు లేరు.

నంద్యాల మీదుగా బస్సులో కర్నూలు చేరాను. హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ లోపల బిజాపూరు సుల్తాను తరఫున కర్నూలు ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది. 1618లో పోయాడు. అతని ప్రభువు రెండో ఇబ్రహీం ఆదిల్ షా దగ్గర ఆ రోజుల్లోనే ఒక డచ్చి చిత్రకారుడు జీతానికి ఉండేవాడు. పేరు కోర్నెలిస్ హేడా, హార్లెం వాడు. పారశీక దేశానికని బయల్దేరి, బిజాపూరు చేరి, అక్కడే కన్నుమూశాడు. అతను అక్కడ గీసిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. ఆ గుమ్మటం కింద చల్లగా ఉంటే చాలాసేపు కూర్చున్నాను. నెత్తిన నాపరాళ్ళు కాలే మధ్యాహ్నం అది.

అక్కడి నుంచి రామళ్ళకోట పోయాను. వెల్దుర్తి దగ్గర ఊరు. తవెర్నియే చూసిన వజ్రాల గని ఇదేనని పండితులు చెబుతారు. ఇప్పుడు అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. వజ్రాల వేట అసలు సంగతి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఉంది. తొలకరి వాన పడి ఎర్రమన్ను కడుక్కుపోతే రాళ్ళు పైకి తేలతాయి. వాటికోసం ఊళ్ళకు ఊళ్ళు వచ్చి చేను గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. నేను పోయినప్పుడు ఒక కుటుంబం ఎండలో వంగి వంగి నడుస్తోంది. పెద్దామె తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కో రాయి తీసి, ఉమ్మితో తుడిచి, ఎండకు ఎత్తి చూసి పారేస్తోంది.

"దొరికిందా అవ్వా?"

"దొరికితే ఇట్ల ఉంటామా నాయనా. పోయినేడు గూడా వచ్చినాం. వానొచ్చిన మర్నాడు సూడాల. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే మెరుస్తాదంట."

ఏటవాలు ఎండ మాట విని నాకు ఒళ్ళు జలదరించింది. వెర్మీర్ కిటికీలన్నీ ఆ ఏటవాలు కోసమే. అదే ఎండలో ఈమె రాయి వెతుకుతోంది. ఇలాంటి చేలల రాళ్ళు మచిలీపట్నం, గోవా, సూరత్ ఓడల్లో పోయి ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదు పనివాళ్ళ సానల మీద కోతపడేవి. పాత చిత్రాల్లో ఒక విచిత్రం ఉంది. ఆ కాలపు దొరసానుల ఉంగరాల్లో, మెడ నగల్లో వజ్రాన్ని నల్లగా గీస్తారు. పైన చదునుగా కోసి, వెనక ముదురు రేకు పెట్టి పొదిగేవాళ్ళు కాబట్టి కంటికి అది నల్లగానే కనిపించేది. మూలకు ఒక్క తెల్ల చుక్క. ఆ చుక్కతోనే మనకు అది వజ్రమని తెలుస్తుంది. ఫోనులో అలాంటి బొమ్మ ఒకటి పెద్దది చేసి అవ్వకు చూపించాను. చాలాసేపు చూసి, "నల్లగుండాదే! ఇంత కష్టం దీనికేనా?" అంది. తిరిగి వంగి నడక మొదలుపెట్టింది. వంగిన నడుము, తలకు తువ్వాలు, అరచేతిలో రాయి, ఎదురెండ. ఇది గీయాల్సిన బొమ్మ. ఇంటికొచ్చాక రెండు మూడు కాయితాల మీద ప్రయత్నించాను. ఇంకా గీస్తున్నాను.

పత్తికొండ మీదుగా ఆదోని చేరేసరికి సాయంత్రమైంది. ఈ దారిలో బొమ్మల కథ బాగా తెలిసిన ఊరు ఇదే. బిజాపూరు చివరి రోజుల్లో సిద్ది మసూద్ ఖాన్ ఆదోనిని సొంతంగా ఏలాడు. జామియా మసీదు కట్టించాడు, బొమ్మలు రాయించాడు, బిజాపూరు దర్బారు చిత్రాలు దాచాడు. 1688లో ఔరంగజేబు సైన్యం కోట పట్టుకుంది. తర్వాత ఆదోనికి అధికారిగా వచ్చిన బికనీరు మహారాజు అనూప్ సింగ్ ఆ చిత్రాలను ఎడారి దాటించి తన కోటకు పంపాడు. 1698లో అతను ఆదోనిలోనే పోయాడు. బికనీరు వాళ్ళ దగ్గరున్న దక్కను చిత్రాల్లో కొన్నిటి వెనక ఆదోని నుంచి వచ్చినట్టు రాత ఉంది. అవి పాడు కాకుండా మిగిలినందుకు నేను అనూప్ సింగ్‌కు కృతజ్ఞుణ్ణే. కానీ ఆదోని పిల్లల్లో ఒక్కడికి కూడా తన ఊరి పేరు మీద ప్రపంచానికి తెలిసిన చిత్రాలున్నాయని తెలియకపోవడం నాకు నచ్చదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిక్స్‌మ్యూజియం తన బొమ్మలను ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా, ఏ ఊరి నుంచైనా, పైసా కట్టకుండా పెద్ద సైజులో దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. హాల్స్ రంగు పొరల దాకా, వెర్మీర్ గోడ మీది మేకు దాకా కనిపిస్తాయి. దక్కను చిత్రాలు కూడా చాలావరకు మంచి పుస్తకాల్లో అచ్చయ్యాయి. కడపలో, కర్నూలులో, ఆదోనిలో ఏ బళ్ళోనైనా ఒక గోడ ఖాళీ చేసి ఈ రెండూ పక్కపక్కన పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఆదోనిలో డ్రాయింగ్ చెబుతున్న కుర్రవాడి ఇంట్లో ఆ రాత్రి దిగాను. తెచ్చిన అచ్చు ప్రతులు అతనికిచ్చాను. పనిమనిషి బొమ్మ, చెట్టు కింది మౌల్వీలు, ఇబ్రహీం ఆదిల్ షా బొమ్మ ఒకటి. గోడ మాట అతను హెడ్‌మాస్టరుతో మాట్లాడతానన్నాడు. ముందు పిల్లలతో ఏం గీయిద్దాం సార్ అని అడిగాడు. వాళ్ళింట్లో వంట చేస్తున్న మనిషిని గీయమను అన్నాను. అమ్మ కానీ, అవ్వ కానీ, నాయన కానీ. కిటికీ ఏ పక్క ఉందో, వెలుతురు ఎటు నుంచి పడుతోందో ముందు చూసి రాసుకుని రమ్మని చెప్పమన్నాను. కిటికీ లేని ఇళ్ళవాళ్ళు వాకిలి వెలుతురు చూసుకోవాలి.